వచ్చు, వలెను

నేను గుమాస్తాని.
స్కూలు బోర్డులో ఎవరేం ప్రతిపాదించారో
ఎవరు బలపరిచారో రాస్తాను.
ఎవరి గొంతు జీరపోయిందో రాయను,
దానికి కాగితంలో గడి లేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఉత్తర డకోటా, జనవరి.
సున్నాకి ఇరవై ఎనిమిది కింద.
తెల్లారుజామున నాలుగింటికి
మార్లిస్ ట్వెట్ ట్రక్కు మా గుమ్మం ముందు పొగలు కక్కుతూ నిలబడింది.
రాజధానికి నాలుగున్నర గంటలు.
శాసనసభ రెండేళ్ళకోసారే కూర్చుంటుంది.
ఈసారి తప్పితే
మూడో తరగతి పిల్ల ఐదుకి వెళ్ళిపోతుంది.

నా ఒళ్ళో బిల్లు, పద్నాలుగు పేజీలు.
టార్చి వెలుగులో పైకి చదువుతున్నా.
నాలుగో సెక్షన్ దగ్గర బ్రేకు మీద కాలేసింది.
"మళ్ళీ చదువు."
"దూరపు బడుల బస్సు ఖర్చు రాష్ట్రం చెల్లించవచ్చు."
"వచ్చు," అంది మార్లిస్,
పంటి కింద రాయి పడ్డట్టు.
"మా మొదటాయన తాగుడు మానవచ్చని
తొమ్మిదేళ్ళు చూశాను."
నేను నవ్వాను. తను నవ్వలేదు.

మూడో తరగతి పిల్ల అన్నాను కదా,
పేరు బ్రిటా నెస్.
ఐదూ యాభైకి బస్సెక్కుతుంది.
బడికి నూట ఐదు నిమిషాలు.
కిటికీ మీద పేరుకున్న మంచులో
వేలితో ఎక్కాలు రాస్తుంది.
రైలు పట్టాలు దాటేసరికి ఏడెనిమిదుల దగ్గర ఆగిపోతే
ముందు సీట్లోంచి, వెనక్కి చూడకుండానే,
డ్రైవరు వెర్లిన్ అందిస్తాడు: యాభై ఆరు.

విచారణ గదిలో తివాచీ మెత్తగా ఉంది.
మా బూట్ల మంచు దాని మీద కరిగి మడుగైంది.
మాకిచ్చింది మూడు నిమిషాలు.
రాత్రంతా నేను టైపు చేసిన కాగితాన్ని
మార్లిస్ మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

"అయ్యా, అమ్మా,
నేను బీట్ దుంపలు పండిస్తాను.
విత్తనాలకి అప్పు తెచ్చాను.
బ్యాంకు కాగితం మూడుసార్లు చదివాను.
ట్వెట్ గారు చెల్లించవచ్చు
అని అందులో ఎక్కడా లేదు."

అంతే. ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి.
అధ్యక్షురాలు ఓస్ట్‌బీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
చెవి మిషన్ పెట్టుకున్న పెద్దాయన
పక్కవాణ్ణి అడిగాడు, ఏమంది?
పక్కవాడు చెప్పాడు.
పెద్దాయన బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు.

మధ్యాహ్నానికి సవరణ వచ్చింది.
వచ్చు కొట్టేశారు. వలెను పెట్టారు.
వరండాలో మంచినీళ్ళ కుళాయి దగ్గర
ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు
కోట్లు నలిగిపోయేలా కావలించుకున్నారు.
అందులో ఒకతి నేను.

తర్వాత వాక్యం చివరిదాకా చదివాం.
చెల్లించవలెను,
నిధులు అందుబాటులో ఉన్న మేరకు.

ముందు గుమ్మంలోంచి గెంటేసిన వచ్చు
పెరటి తలుపు తోసుకుని లోపలికొచ్చి
కుర్చీ లాక్కుని కూర్చుంది.

తిరుగుదారిలో వంద మైళ్ళు మాటల్లేవు.
పెట్రోలు బంకులో మార్లిస్ రెండు కాఫీలు కొంది.
"ఆ పైకప్పు డబ్బు ఎంతుంది?" అంది.
చెప్పాను.
తల ఊపింది.

సోమవారం, లైబ్రరీలో మీటింగు.
హీటరు వేడికి కప్పు మీది మంచు కరిగి
అట్లాసుల బీరువా పక్కన బకెట్టులో బొట్లు.
మార్లిస్ ప్రతిపాదించింది.
కర్టిస్ లాంబ్ లేచాడు:
"నా మనవడు కూచునేది సరిగ్గా ఆ బొట్ల కిందే.
వాడికి దగ్గు తగ్గట్లేదు."
ఆయన చెప్పిందీ నిజమే.
ఎవరూ కాదనలేదు.
నలుగురు అవును, ఒకరు కాదు.

నేను రాశాను:
బస్సు జూన్ నెలాఖరు దాకా నడపవలెను.
తర్వాత మేకు దిగ్గొట్టినట్టు చుక్క పెట్టాను,
దాని వెనక ఇంకే మాటా చేరకుండా.

బకెట్టులో బొట్టు పడింది.
కర్టిస్ టోపీ పెట్టుకుంటూ అటు చూశాడు.
అది రాయలేదు.